షింగిల్ కప్పా, రేకు కప్పా? – అమెరికా ఇంటికప్పుల పూర్వోత్తరాలు

మేముండేది ఉత్తర టెక్సాస్‌లో. ఇక్కడ వసంతకాలం వచ్చిందంటే పూలతో బాటు వడగళ్ళు కూడా వస్తాయని పాఠకులలో చాలామందికి స్వానుభవమే. మొన్న ఏప్రిల్‌లో నిమ్మకాయలంత వడగళ్ళు పావుగంటసేపు పడ్డాయి. మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసుకున్న లారీలు మా వీధిలో బారులు తీరాయి. ఒకాయన మమ్మల్ని అడగకుండానే కప్పెక్కి దిగి, "షింగిల్స్ అన్నీ పోయినట్టే, ఇన్సూరెన్సువాళ్ళే కొత్తవి వేయిస్తారు, మీకు పైసా ఖర్చుండదు" అన్నాడు. డిడక్టిబుల్ సంగతేమిటని అడిగితే కన్ను గీటాడు. (టెక్సాస్‌లో 2019 నుంచి ఆ డిడక్టిబుల్‌ను కంట్రాక్టరు మాఫీ చేయడం చట్టవిరుద్ధం. కన్ను గీటినవాడిది ఒక్కడిదే కాదు, సంతకం పెట్టిన మనదీ తప్పవుతుంది.) ఆ సాయంత్రమే ఇంకొకాయన వచ్చి, షింగిల్స్ జోలికే పోవద్దనీ, లోహపు రేకు వేయించుకుంటే ఈ జన్మకు అదే ఆఖరి కప్పు అనీ బోధించాడు. ఒకరి అంచనాకు రెండోవారిది రెండు రెట్ల పైనే ఉంది.

తెలుగు మిత్రులను నలుగురిని అడిగితే నాలుగు మాటలు వచ్చాయి. రోగి పూర్వచరిత్ర తెలుసుకోనిదే మందు రాయకూడదని మాకు కాలేజీలో నేర్పారు. అందుకని కప్పుల చరిత్ర తిరగేయడం మొదలుపెట్టాము. తెలిసినదేదో మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

కప్పుకు ఒకసారి పెట్టే ఖర్చు, పదేపదే పెట్టే ఖర్చు అని రెండున్నాయని మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. తాటాకు ఇల్లయితే రెండు మూడేళ్ళకొకసారి నేయించాలి. పెంకుటిల్లయితే తొలకరికి ముందు మనిషిని ఎక్కించి పెంకు సర్దించాలి. కోతులు తిరిగే ఊరైతే ఆ పని ఏడాదికి రెండుసార్లు. తీరా వాన పడ్డాక ఇల్లు ఎక్కడో ఒకచోట కురుస్తుంది, కింద గిన్నె పెడతాం. డాబా వేసుకున్నవాడు ఆ తాపత్రయం వదిలిందనుకొని నిట్టూర్చేవాడు. అమెరికాలో కథ దాదాపు ఇలాగే నడిచింది; కాకపోతే ఇక్కడ తాటాకు బదులు చెక్క.

ఈ దేశానికి వచ్చిన తొలితరం తెల్లవారికి అడవికి కరువు లేదు, లోహానికే కరువు. దేవదారు, ఓక్ మొద్దులను పలకలుగా చీల్చి చూరు నుంచి వెన్ను దాకా వరసలుగా కొట్టేవారు. షింగిల్ అనే మాట ఆ చెక్క పలకదే. కొడవలి పట్టడం వచ్చినంత సులువుగా ఊళ్ళో ప్రతివాడికీ ఆ పని వచ్చేది.

లోహపు కప్పు ధనవంతుల ముచ్చటగా మొదలయింది. ఈ దేశంలో రేకును తయారుచేసి కప్పు వేసినవారిలో మొదటివాడుగా చెప్పేది రాబర్ట్ మోరిస్‌ను. స్వాతంత్ర్య యుద్ధానికి డబ్బు సమకూర్చిన పెద్దమనిషి ఈయనే. న్యూజెర్సీలో ట్రెంటన్ దగ్గర ఈయనకొక రోలింగు మిల్లుండేది. 1794లో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టిన తన మహాభవనానికి ఆ మిల్లులోని ఇనుప రేకునే వేయించాడు. భవనం పూర్తి కానేలేదు. 1798లో అప్పుల కింద ఆయనను జైల్లో పెట్టారు, మూడేళ్ళకు పైగా అక్కడే ఉన్నాడు. పాపం, తప్పు రేకుది కాదు, భూముల వ్యాపారానిది. అయినా మా రేకుల కంట్రాక్టరు ఈ కథ చెప్పకపోవడంలో ఆశ్చర్యం లేదు.

తరువాత ప్రిన్స్‌టన్ కాలేజీలో నాసా హాల్ 1802లో తగలబడితే వాస్తుశిల్పి లాట్రోబ్ దానికి ఇనుప రేకు వేయించాడు. జెఫర్సన్ తగరపు పూత రేకంటే పడిచచ్చేవాడు, మాంటిచెల్లోలో తన ఇంటికి అదే వాడాడు. పాల్ రివీర్ 1801లో మసాచుసెట్స్‌లోని కాంటన్‌లో రాగి రేకు తీసే మిల్లు పెట్టాడు. ఆ మరుసటేడు బాస్టన్ స్టేట్ హౌస్ గుమ్మటానికి రాగి తొడిగాడు. తగరపు రేకు మాత్రం చాలాకాలం వేల్స్ దేశం నుంచే వచ్చేది. 1890లో మెకిన్లీ సుంకాల చట్టం వచ్చిన తరువాతగాని ఇక్కడ ఆ పరిశ్రమ నిలదొక్కుకోలేదు.

తగరం ప్రియం కనుక అందులో సీసం కలిపిన 'టర్న్' రేకు వచ్చింది. కలిపిన అనడం కూడా మర్యాదకే, పూతలో ఎక్కువ భాగం సీసమే. పైగా కొన్నేళ్ళకొకసారి దానికి రంగు వేయాలి, ఆనాటి రంగులలోనూ సీసమే. కప్పు మీది వాననీటిని తొట్లలో పట్టుకొని వాడుకోవడం పల్లెల్లో మామూలు సంగతి. ఆ నీళ్ళు తాగిన పిల్లల రక్తం పరీక్ష చేసినవాళ్ళెవరూ ఆ రోజుల్లో లేరు. డాక్టర్లం కనుక ఈ మాట రాయకుండా ఉండలేకపోయాము. ఈ ఖర్చు ఏ అంచనా కాగితంలోనూ కనిపించదు.

రేకును బీదవాడి దగ్గరకు చేర్చినవి రెండు కొత్త పద్ధతులు. 1829లో లండన్ రేవులో పనిచేసే హెన్రీ పామర్ అనే ఇంజనీరు రేకును అలలుగా వంచితే తనంతట తానే గట్టిపడుతుందని కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. 1837లో ఫ్రాన్సులో సోరెల్ అనే ఆయన ఇనుముకు జింకు పూత పూసే పద్ధతికి పేటెంటు పొందాడు. ఇక ఆ ముడతల రేకు ప్రపంచమంతా పాకింది. మన దేశంలో రైల్వే షెడ్లూ, గోడౌన్లూ దానితోనే లేచాయి. అదే రేకు కాస్త డబ్బున్నవాళ్ళ ఇంటి మీదికి మాత్రం ఎక్కలేదు. ఇక్కడా అంతే, రేకంటే పశువుల కొట్టాం, ధాన్యపు గిడ్డంగి. మేము రేకు వేయిద్దామా అని ఆలోచిస్తుంటే, ఆరు నెలలుండి వెళదామని వచ్చిన నాన్నగారు, "ఇంత చదువులు చదివి, సముద్రాలు దాటి వచ్చి, చివరికి రేకుల ఇంట్లో కాపురమా?" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. రాగి గుమ్మటం సంగతి చెప్పినా ఆయన వినలేదు.

చెక్క షింగిల్స్‌కు వద్దాం. వాటి ఖర్చు కొన్ననాడు తెలిసేది కాదు, అగ్ని ప్రమాదం నాడు తెలిసేది. ఎండి బెండయిన చెక్క పలక నిప్పంటుకొని గాలికి లేచి నాలుగు వీధుల అవతల ఇంకో కప్పు మీద వాలుతుంది. 1871 అక్టోబరులో చికాగోలో పదిహేడు వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి, సుమారు 300 మంది పోయారు. 1923 సెప్టెంబరులో బర్క్‌లీలో ఒక్క మధ్యాహ్నంలో సుమారు 600 కట్టడాలు పోయాయి. అగ్ని బీమా కంపెనీల సమాఖ్య 1916లోనే చెక్క కప్పులకు వ్యతిరేకంగా దేశమంతా ప్రచారం ప్రారంభించింది. వాళ్ళకు జనం మీద ప్రేమ పుట్టుకొచ్చిందని కాదు, కప్పు అగ్గువగా వేసుకునేది ఇంటాయన, కాలిపోతే చెల్లించేది తాము.

సరిగ్గా ఆ అదనుకు తారు షింగిల్ సిద్ధంగా ఉంది. మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో హెన్రీ రేనాల్డ్స్ అనే కంట్రాక్టరు 1903లో తారు పట్టించి, రాతి పలుకులు అద్దిన చుట్టను ముక్కలుగా కోసి కప్పుకు కొట్టాడు. ఆ తారు పట్టించే ఫెల్టు దేనితో చేసేవారో తెలుసా? పాత నూలు గుడ్డ పేలికలతో. కార్లు పెరిగాయి, పెట్రోలు శుద్ధి చేసే కర్మాగారాలు పెరిగాయి, అడుగున మిగిలే తారు చవకగా దొరికింది. పేలికలు, మడ్డి, రాతిపొడి, ఈ మూడూ ఒకరికి అక్కరలేని సరుకులే. వాటితో తయారైన షింగిల్ దేశంలో ఇళ్ళన్నిటినీ ఆక్రమించింది.

చెక్క అంత తేలికగా ఓటమి ఒప్పుకోలేదు. 1961 నవంబరులో లాస్ ఏంజిలిస్ బెల్ ఎయిర్‌లో 484 ఇళ్ళు కాలిపోయాయి, వాటిలో సినిమా తారలవీ ఉన్నాయి. చెక్క కప్పులే మంటను మోసుకుపోయాయని అప్పుడే తేలింది. ఆ నగరం వాటిని కొత్తగా వేయడాన్ని పూర్తిగా నిషేధించింది ఎప్పుడనుకున్నారు? 1989లో. మధ్యలో గడిచింది 28 ఏళ్ళు. అందంగా ఉంటాయని జనమూ, అమ్ముడుపోతాయని వ్యాపారులూ వదల్లేదు. 1991లో ఓక్‌లాండ్ కొండల మంటల్లో 25 మంది చనిపోయినప్పుడు కూడా అక్కడ చెక్క కప్పులకు కొరత లేదు.

తారు షింగిల్ జాతకం ముడిచమురు ధరతో ముడిపడి ఉంది. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టగానే తారు ధర పెరిగింది. పాత రకం ఫెల్టు తారును బాగా తాగుతుంది, గాజు నార చాపకు తక్కువ చాలు, పైగా అది తొందరగా అంటుకోదు. అందుచేత 1980ల నాటికి గాజు నార షింగిల్స్ రాజ్యమేలాయి. తొలి రోజుల్లో కొన్ని చలికి బీటలు వారి వినియోగదారుల ఉసురు పోసుకున్నాయి, తరువాత ప్రమాణాలు బిగించారు. 1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను దక్షిణ ఫ్లోరిడాలో ఇంకో లోపం బయటపెట్టింది. షింగిల్స్‌ను మేకులతో కాక స్టేపుల్స్‌తో కొట్టి చేతులు దులుపుకున్న ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి. సరుకు ఎంత మంచిదైనా కొట్టేవాడి చేతిలోనే ఉంది. మా వృత్తిలోనూ ఇదే తంతు.

ఇక అసలు లెక్క. ఇక్కడ కప్పును 'స్క్వేర్' లెక్కన కొలుస్తారు, అంటే వంద చదరపుటడుగులు. మా కప్పు ఇరవై స్క్వేర్లు. వచ్చిన అంచనాలను గుండ్రం చేస్తే షింగిల్‌కు 10,000 డాలర్లు, అంచులు మడిచి నిలబెట్టి బిగించే రేకుకు 24,000. షింగిల్ ఇరవై ఏళ్ళు మన్నుతుందనీ, ధరలు ఏటా నూటికి 3 వంతున పెరుగుతాయనీ అనుకుందాం. అరవై ఏళ్ళలోపు షింగిల్ మూడుసార్లు వేయాలి: 10,000, 18,000, 32,600. మొత్తం 60,600. రేకు కంట్రాక్టరు మాకు వేసి చూపించిన లెక్క ఇదే. చూడగానే ఎవరైనా సంతకం పెడతారు.

కాని మిగిలిన 14,000 ఏం చేస్తుంది? నూటికి 5 వంతున వడ్డీ వచ్చే చోట ఉంచితే ఇరవై ఏళ్ళకు 37,100 అవుతుంది (వడ్డీ మీద పన్ను సంగతి పక్కన పెట్టాము). అందులోంచి 18,000 పెట్టి రెండో కప్పు వేస్తే చేతిలో ఇంకా 19,100. నలభయ్యో ఏట అది 50,600. మూడో కప్పుకు 32,600 పోను 18,000 నిలవ. అంటే నలభై ఏళ్ళ తరువాత కూడా షింగిలాయన చేతిలోనే డబ్బుంది! అరవయ్యో ఏట నాలుగో కప్పుకు 58,900 కావలసి వచ్చినప్పుడు గాని ఆయనకు 11,000 చిల్లర తక్కువ పడదు. 1981లోలాగా ఇంటి అప్పుల వడ్డీ నూటికి 18 దాటిన రోజుల్లోనైతే రేకు గెలవడం కల్ల.

అయితే ఈ ఇరవై ఏళ్ళ మాట ఎండ తక్కువ ఉండే చోటుది. టెక్సాస్ ఎండకు తారు పెళుసుబారుతుంది. వడగళ్ళు రాతి పలుకులను రాలగొడితే ఆ చోట ఎండ నేరుగా తారును తింటుంది, పై చర్మం లేచిపోయిన పుండులాగా. పదిహేనేళ్ళే మన్నితే అదే లెక్కలో ముప్పయ్యో ఏట చేతిలో మిగిలేది 3,800. నలభై అయిదో ఏట షింగిలాయన 30,000 దాకా వెనకబడతాడు. అయిదేళ్ళ తేడా మొత్తం తీర్పునే తిరగేసింది. షింగిల్ పెట్టె మీద ఉండే 'జీవితకాలం' అనే మాట ఇందుకు సాయపడదు. కొన్నేళ్ళు గడిచాక ఆ హామీ విలువ ఏటేటా తగ్గుతూ పోతుంది. ఇల్లు అమ్మితే మరీ తగ్గుతుంది. చిన్న అక్షరాలు చదవండి.

రేకుకూ జబ్బులున్నాయి. 1972లో బెత్లెహెం స్టీల్ వాళ్ళు తెచ్చిన గాల్వల్యూమ్ పూతలో 55 పాళ్ళు అల్యూమినియం, తక్కినదాదాపు అంతా జింకు. వట్టి జింకు పూత కంటే చాలా మన్నిక. కాని రాగి గొట్టం నుంచి ఏ.సి. నీళ్ళు దాని మీద కారితే అక్కడ తినేస్తుంది. మరలు పైకి కనిపించే చవక రకంలో రబ్బరు వాషర్లు రేకు కంటే ముందే ఎండిపోయి ఇల్లు కురవడం మొదలవుతుంది. ఇక ఇన్సూరెన్సు. వడగళ్ళకు రేకు సొట్టలు పోయినా నీళ్ళు దిగకపోతే అది అందానికి సంబంధించిన నష్టమేనని ఒక్క డాలరు కూడా ఇవ్వని పాలసీలు ఇక్కడ మామూలు. దెబ్బకు ఓర్చుకునే నాలుగో తరగతి కప్పుకు ప్రీమియం తగ్గిస్తారు. ఆ తరగతిలో రేకులే కాదు, షింగిల్స్ కూడా ఉన్నాయి. పాత షింగిల్ కప్పుకు కొత్తదాని ధర కాక, అరిగినంత కోసి ఇచ్చే పాలసీలు పెరుగుతున్నాయి. మీ పాలసీలో ఏముందో కంట్రాక్టరు కంటే ముందు మీరు చూసుకోవడం మంచిది.

మేము రెసిడెన్సీ నుంచి ఇప్పటికి నాలుగు ఊళ్ళు మారాము. పిల్లలు హైస్కూలు దాటేదాకా, అంటే మరో పన్నెండేళ్ళు, ఈ ఇంట్లో ఉంటామని అంచనా. నలభై అయిదో ఏటి లాభం ఎవరికో తెలియని మనిషికి. అందుకని ఇంటి మీద నాలుగో తరగతి షింగిల్, వెనక వరండా మీద మాత్రం రేకు వేయించడానికి నిశ్చయించాము. ఇదే వీధిలో రిటైరయ్యాక కూడా కదలమంటున్న మిత్రుల జంట పూర్తిగా రేకే వేయిస్తున్నారు. వారి లెక్కా తప్పు కాదు.

పని వచ్చే సోమవారం మొదలవుతుంది. పాత కప్పు మొత్తం ఊడదీసి చెత్త తొట్టెలో పోస్తారు. ఈ దేశంలో ఏటా ఇలా కోటి టన్నుల పైచిలుకు షింగిల్ చెత్త పోగవుతుంది. పని ముగిశాక అయస్కాంతం బండి పచ్చిక మీద రెండుసార్లు తిప్పాలని కంట్రాక్టులో రాయించాము. క్రితంసారి పక్కింటివారి అబ్బాయి కాలిలోంచి మేకు తీసింది మేమే.