ఫ్రిస్కో సీసానికి కట్టిన వెల

గాలికీ, నీటికీ, బిడ్డల ఆరోగ్యానికీ వెల కట్టవచ్చునా? మనం నివసిస్తున్న ఊరి చరిత్రలోనే ఈ ప్రశ్నకు ఒక సమాధానం ఉన్నది. రైలు సంస్థ పేరునే తన పేరుగా చేసుకున్న ఫ్రిస్కో 1964 నాటికి రెండు వేల జనాభా కూడా లేని చిన్న ఊరు. ఆ ఏడే ఇక్కడ పాత బ్యాటరీలను కరిగించి సీసం తీసే కర్మాగారం వెలసింది. జీతాలు జమాఖర్చులో చేరాయి, పొగ చేరలేదు.

సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. 2008లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ గాలిలో సీసపు పరిమితిని ఘనపు మీటరుకు 1.5 మైక్రోగ్రాముల నుండి 0.15కు తగ్గించింది. అంతటితో ఫ్రిస్కో గాలి ప్రమాణానికి మించినదని తేలింది. 2010లో నగరంలో కొంత భాగాన్ని ఆ జాబితాలో చేర్చారు.

2012లో నగరపాలక సంస్థ, కర్మాగారపు యజమాని ఎక్సైడ్ ఒప్పందానికి వచ్చారు. కర్మాగారం చుట్టూ ఉన్న సుమారు 180 ఎకరాలకు నగరం 4 కోట్ల 50 లక్షల డాలర్లు ఇస్తుంది. సంస్థ పని ఆపుతుంది. ఆ నవంబరు చివర కొలిమి ఆరింది. ఎకరానికి రెండున్నర లక్షల డాలర్లు! కాగితం మీద అది భూమి ధర. నిజానికి పొగ ఆపినందుకు చెల్లించిన ధర అనుకోవడమే న్యాయం.

ఇటువంటి బేరాన్ని ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ 1960లోనే వివరించాడు: హక్కులు స్పష్టంగా ఉండి, బేరానికి ఖర్చు లేకపోతే, ఎవరు ఎవరికి చెల్లించినా హాని తగ్గే మార్గం దొరుకుతుంది. తర్కం బాగున్నది. కాని ఇక్కడ పొగ పీల్చినవారే పొగ వదిలినవారికి చెల్లించారు.

మన విశాఖలో లెక్క వేరుగా సాగింది. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద ఎల్‌జీ పాలిమర్స్ నుండి స్టైరీన్ వాయువు వెలువడి పన్నెండుగురు మరణించారు. మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ సంస్థను 50 కోట్ల రూపాయలు జమ చేయమని ఆదేశించింది. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారాన్ని మాత్రం రాష్ట్ర ప్రభుత్వం, అంటే ప్రజలే, ఇచ్చింది.

ఎక్సైడ్ 2013లో ఒకసారి, 2020లో మరొకసారి దివాలా తీసింది. స్టీవర్ట్ క్రీక్ వాగులో బ్యాటరీ ముక్కలను, సీసపు చిట్టాన్ని ఏరే పని కొలిమి ఆరిన తరువాత కూడా ఏళ్ల తరబడి సాగింది.