నాలుగు తీగల చరిత్ర: యూఎస్‌బీ పోర్టు మొరాయిస్తే ఎక్కడ వెతకాలి?

మలేసియా ఉత్తరాన, కెడా రాష్ట్రంలోని సుంగై పెటాని ఒకప్పుడు రబ్బరు తోటల ఊరు. మలయా తోటల పనికి సముద్రం దాటి వెళ్లినవారిలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1972లో పొరుగునే ఉన్న పెనాంగ్‌లో ఇంటెల్ కంపెనీ అమెరికా బయట తన తొలి కర్మాగారం పెట్టింది. 1996లో కెడాలోనే కులిం హైటెక్ పార్కు ప్రారంభమైంది. రబ్బరు పాలు తీసిన ఆ ప్రాంతంలో తర్వాతి తరాలు చిప్పుల పనిలోకి దిగాయి.

యూఎస్‌బీ తొలి ప్రమాణం వెలువడిందీ ఆ 1996లోనే, జనవరిలో. అంతకుముందు ప్రింటర్‌కు ఒక పోర్టు, మోడెమ్‌కు మరొకటి, కీబోర్డుకు ఇంకొకటి. ఏదైనా కొత్తగా తగిలిస్తే కంప్యూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయాల్సి వచ్చేది. ఈ అవస్థను తీర్చే పనిలో ముందు నిలిచినవాడు ఇంటెల్ ఇంజినీరు, బరోడాలో చదువుకున్న అజయ్ భట్. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్, డెక్, ఎన్‌ఈసీ, నార్టెల్ అనే ఏడు కంపెనీలు కలిసి ఆ ప్రమాణాన్ని రూపొందించాయి.

మొదట్లో అదీ మొరాయించింది. 1998 ఏప్రిల్ 20న చికాగో కామ్‌డెక్స్ ప్రదర్శనలో, బిల్ గేట్స్ వేదిక మీద ఉండగానే, విండోస్ 98 కంప్యూటర్‌కు యూఎస్‌బీ స్కానర్ తగిలించారు. వెంటనే తెరంతా నీలంగా మారి యంత్రం ఆగిపోయింది. పోర్టు బాగున్నా సాఫ్ట్‌వేర్ సిద్ధంగా లేకపోతే పని జరగదని అందరి కళ్లెదుటే తేలింది. అదే ఏడాది ఆగస్టులో యాపిల్ ఐమ్యాక్ పాత పోర్టులను వదిలేసి యూఎస్‌బీని నమ్ముకుంది. యూఎస్‌బీకి తగిలించే పెన్‌డ్రైవ్‌ల కథ మళ్లీ మలేసియాకే తీసుకెళ్తుంది. అక్కడి సెకిన్చాన్‌లో పుట్టిన పువా ఖీన్ సెంగ్ 2000లో మిత్రులతో కలిసి తైవాన్‌లో ఫైసన్ కంపెనీ పెట్టారు. పెన్‌డ్రైవ్‌ను నడిపించే పనంతా ఒకే చిప్పులో ఇమిడ్చినవారిలో ఆయన ముందువరసలో ఉన్నారు.

పోర్టు ఎందుకు పలకడం లేదో తెలియాలంటే దాని నిర్మాణం చూడాలి. పాత యూఎస్‌బీలో ఉన్నవి నాలుగే తీగలు: ఎరుపుది 5 వోల్టుల కరెంటు, నలుపుది గ్రౌండు, తెలుపు, ఆకుపచ్చ సమాచారానికి. ప్లగ్గులో నాలుగు బంగారు రంగు పట్టీలు కనిపిస్తాయి. అటూ ఇటూ చివరల్లోని రెండూ, అంటే కరెంటు, గ్రౌండు పట్టీలు, మధ్యవాటికన్నా కాస్త పొడవు. ముందు కరెంటు తగలాలి, తర్వాతే సమాచారం కదలాలి. యంత్రం నడుస్తుండగానే తగిలించి తీసే వీలు ఇచ్చింది ఈ ఏర్పాటే.

కాబట్టి వెతుకులాటా ఒక వరసలోనే సాగాలి. మొదట అదే పరికరాన్ని వేరే పోర్టులో, వేరే కేబుల్‌తో పెట్టి చూడండి. ఫోన్ చార్జ్ అవుతున్నా ఫైళ్లు కనిపించకపోతే అది చార్జింగుకే చేసిన కేబుల్ కావచ్చు. కంప్యూటర్ ముందువైపు పోర్టు పనిచేయక వెనకది పనిచేస్తే, క్యాబినెట్ లోపలి తీగ ఊడిందేమో చూపించుకోండి. తర్వాత కంప్యూటర్ ఆపి, టార్చి వేసి పోర్టులోకి చూడండి. దుమ్ము, పచ్చని చిలుము, వంగిన పట్టీ ఉంటే తెలిసిపోతుంది. చెమ్మ ఎక్కువగా ఉండే ఊళ్లలో ఇది మరీ ముఖ్యం.

యూఎస్‌బీ 2.0 పోర్టు మామూలుగా ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. అంతకుమించి లాగితే చాలా యంత్రాలు పోర్టునే ఆపేస్తాయి. అప్పుడు కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, కరెంటు ప్లగ్గు తీసి, కొద్దిసేపు ఆగి మళ్లీ పెట్టండి. అప్పటికీ ఫలితం లేకపోతే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తున్న యూఎస్‌బీ కంట్రోలర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ తానే మళ్లీ అమరుస్తుంది. పవర్ ఆప్షన్లలో, వాడని పోర్టును నిద్రపుచ్చే సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపి కూడా చూడండి.

కాలిన వాసన వచ్చినా, పోర్టు వేడెక్కినా ఇవేవీ చేయకుండా కంప్యూటర్ ఆపి మెకానిక్‌కు చూపించండి. మిగతా సందర్భాల్లో మాత్రం మదర్‌బోర్డు మార్చేందుకు, యంత్రాన్ని పాత సామాన్ల వాడికి వేసేందుకు తొందరపడకండి. ముందు కేబుల్, తర్వాత కరెంటు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్: ఈ మూడూ చూశాకే పోర్టు పోయిందన్న మాట అనండి.