నిప్పులగుండము : ముదునూరు నుండి పటమట వరకు



నా బాల్యమున మా కృష్ణాతీరపు పల్లెలో పీర్లపండుగనాడు నిప్పులగుండము త్రొక్కుట చూచితిని. చింతమొద్దులు రాత్రంతయు కాలి కణకణలాడుచుండ, పీరు నెత్తుకొన్న తాత యొకడు దానిని నాలుగంగలలో దాటెను. హిందువులనక, ముసల్మానులనక ఊరంతయు చేతులు జోడించెను. మరునాడు నేనాయన పాదములు చూచి, కాలలేదేమని యడిగితిని. ‘పీరు మహిమ బాబూ’ అనెను. కొంతసేపు ఊరకుండి, ‘అయినా అందులో ఆగకూడదు. ఆగితే కాలుతుంది’ అని మెల్లగా చెప్పెను. ఆ రెండవమాట నన్ను చాలకాలము విడువలేదు.

అట్టి రెండవమాటను పట్టుకొని పనిచేసిన సంస్థ మన బెజవాడలోనే కలదు. అది పటమటలోని నాస్తిక కేంద్రము. పేరు వినగానే మీలో కొందరు చెవులు మూసికొందురేమో! నేనును దేవుని నమ్మినవాడనే. వారి సిద్ధాంతమును బోధించుటకు రాలేదు. చరిత్ర చెప్పుటకు వచ్చితిని.

స్థాపకులు గోరా యని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు. 1902లో గంజాం జిల్లా ఛత్రపురమున జన్మించిరి. వృక్షశాస్త్రము చదివి మధుర, కోయంబత్తూరు, కొలంబో పట్టణములలో పనిచేసిరి. జందెము వేసికొననన్నందుకు తండ్రి యిల్లు విడువవలసివచ్చెను. నాస్తికుడన్న కారణమున 1933లో కాకినాడ కళాశాలలో ఉద్యోగము పోయెను. పిమ్మట బందరు హిందూ కళాశాలలో చేరిరి. అచ్చటను తుదకు అదే కథ.

1940లో ఉయ్యూరు సమీపమునగల ముదునూరు గ్రామస్థులు పిలువగా, జీతపుకొలువు నాశింపక భార్యాబిడ్డలతో ఆ పల్లె చేరిరి. ఆగస్టు 10వ తేదీన కేంద్రము వెలసెను. ఈ చరిత్రలో ముదునూరు పెద్దలను మనము అంతగా తలచుకొనము. పట్టణపు కళాశాలలు ఉంచుకొనని మనిషిని పల్లెవారు పిలిచి చోటిచ్చిరి. వారందరును నాస్తికులు కారు. ఈయన వయోజనులకు చదువు చెప్పును, అంటరానితనమును పోగొట్టుటకు పాటుపడును. అది వారికి చాలెను. 1947లో స్వాతంత్ర్యము వచ్చు తరుణమున కేంద్రము పటమటకు మారెను.

వాదములు వినుటకు మన పల్లెలలో తీరిక తక్కువ. కావున వారు పరీక్ష చేసి చూపిరి. మొదటి పరీక్ష తమ సంసారముమీదనే! దయ్యములున్నవని పేరుపడిన యింట దంపతులు కాపురము పెట్టిరి. గోరాగారి భార్య సరస్వతిగారు పదేండ్ల ప్రాయమున పెండ్లియైనవారు. ఆమె గర్భవతియై యుండియు గ్రహణమును చూచిరి. ఇది భర్త ధైర్యముకన్న గొప్పదని నా తలంపు. బిడ్డకు ఏ లోపము కలిగినను లోకనింద ఆమెపైననే పడియుండెడిది. మన యిండ్లలో గ్రహణపుమొఱ్ఱి భయమున చూలాలిని చీకటిగదిలో కదలక పరుండబెట్టుట, కత్తిపీట ముట్టనీయకుండుట మీరెరుగనిది కాదు. బిడ్డ పెదవి అతుకుట గర్భము ధరించిన తొలి రెండు మాసములలోనే ముగియునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఆరవ మాసమున పట్టిన గ్రహణమునకు అందు చేయుటకు పనియే లేదు. వట్టి కన్నులతో సూర్యుని చూచుటమాత్రము ఎవరికిని తగదు, చూపు చెడును.

ఇక నిప్పులగుండము. కేంద్రమువారు మ్రొక్కు, ఉపవాసము, మంత్రము ఏదియు లేక దానిమీద పదిమంది యెదుట నడచి చూపిరి. గోరాగారి కుమారులు డాక్టరు సమరంగారు కారణము వివరించుచు వచ్చిరి. 1935లో ఇంగ్లండున ఖుదాబక్షు అను కాశ్మీరదేశస్థుడు నిప్పులపై నడచినప్పుడు అచ్చటి పరిశోధకులు తేల్చినదియు నదియే. బొగ్గు ఎంత ఎఱ్ఱగా నున్నను తన వేడిని త్వరగా ఇతరవస్తువున కందీయదు. అడుగు సోకుకాలము అరసెకను మాత్రమే. కాగిన ఇనుపపెనముపై అట్లే కాలు మోపినచో చర్మమూడును. పొయ్యినుండి జారిన నిప్పుకణికను మన ఇల్లాండ్రు వ్రేళ్లతో తటాలున తీసి లోపల వేయుట మీరు చూచియే యుందురు. మా ఊరి తాత మోసగాడు కాడు. ఆయన రెండవమాటలో ఈ శాస్త్రమంతయు కలదు. తడబడినను, నిలిచినను కాళ్లు కాలుట నిజము. నా మాట విని ఎవరును గుండము త్రవ్వవలదు.

అంటరానితనమునుగూడ వారిట్లే పరీక్షకు పెట్టిరి. పున్నమిరాత్రులలో అన్ని కులములవారికి సహపంక్తిభోజనములు నడిపిరి. మా ఊర నిప్పులు దాటువారికి కొదువ లేదుగాని, అట్టి పంక్తిలో కూర్చుండినవారిని నా చిన్ననాట చూచి యెరుగను. గోరాగారు తమ పెద్దకుమార్తె మనోరమను, అస్పృశ్యులని వెలియుంచబడిన కులమునకు చెందిన అర్జునరావుగారి కిచ్చుటకు నిశ్చయించిరి. రామనామము విడువని గాంధీమహాత్ముడు ఈ నాస్తికునితో 1944 మొదలు పలుమార్లు ముచ్చటించి, ఆ వివాహము తమ సేవాగ్రామ ఆశ్రమముననే జరుపుటకు ఒప్పుకొనిరి. 1948 జనవరి 30న ఆయన హతులైరి. వివాహముమాత్రము ఆగలేదు, మార్చిమాసమున సేవాగ్రామముననే జరిగెను.

గోరాగారు 1975లో బెజవాడలో గతించిరి. సరస్వతిగారు అటుపిమ్మట ముప్పదియొక్క యేండ్లు, 2006 వరకు, జీవించి కేంద్రపు పని సాగించిరి.