తుపాకిపై దుర్బీను: ఒక కానుక పూర్వాపరములు

రైఫిలు గురి అభ్యసించుచున్న కుమారునికో మేనల్లునికో ఒక మంచి దుర్బీను కొని కానుకగా ఇవ్వవలెనని అనుకొనువారు నేడు మన పట్టణములలో కూడ కనిపించుచున్నారు. తుపాకి గొట్టముపై బిగించు చిన్న దూరదర్శిని అది. అంగడిలో దానిపై 4×32 అనియో, 3-9×40 అనియో అంకెలు వ్రాసి ఉండును. వాని అర్థము అడిగి తెలిసికొను గిరాకి అరుదు. పెద్ద అంకె ఉన్నదే గొప్పదనుకొని డబ్బు చెల్లించి వచ్చువారే ఎక్కువ. ఈ వస్తువు ఎట్లు పుట్టినదో తెలిసినచో ఏ అంకెకు ఎంత విలువ ఇవ్వవలెనో దానంతట అదే తెలియును. పైగా ఈ చరిత్రలో మన పాలమూరుకును హైదరాబాదుకును కొంత భాగము కలదు.

మొదట గురి చూచుటలోని చిక్కు ఏమిటో చూతము. మామూలు తుపాకికి వెనుక ఒక గాడి, ముందు ఒక మొన ఉండును. గాడి, మొన, లక్ష్యము మూడును మూడు దూరములలో ఉన్నవి. మన కంటిలోని కటకము ఒకసారికి ఒక దూరమునకే కుదురుకొనును. మొన స్పష్టముగా కనిపించినచో లక్ష్యము మసకబారును; లక్ష్యముపై చూపు నిలిపినచో మొన అలికినట్లగును. నలుబది ఏండ్లు దాటిన వారికి ఈ బాధ మరింత ఎక్కువ. దుర్బీను చేయు అసలు ఉపకారము వస్తువును పెద్దదిగా చూపుట కాదు. గురి గుర్తును, లక్ష్యమును ఒకే తలములో నిలుపుట.

గెలీలియో 1609లో ఆకాశమును చూచిన దూరదర్శినిలో ఇది సాధ్యము కాదు. దానిలో కంటివైపు పుటాకార కటకము ఉండుటచే గొట్టము లోపల ప్రతిబింబము ఏర్పడదు. 1611లో కెప్లరు రెండు కుంభాకార కటకములతో వేరొక అమరికను వివరించినాడు. అందులో బొమ్మ తలక్రిందులుగా కనిపించును గాని, గొట్టము మధ్య ఒకచోట నిజమైన ప్రతిబింబము ఏర్పడును. ఆ చోట ఏ పోగు నిలిపినను అది దూరపు వస్తువుపైననే గీసినట్లు కనిపించును. ఈ సంగతిని లోకమునకు చెప్పినది ఒక సాలెపురుగు. ఇంగ్లండులోని యార్క్‌షైరులో విలియం గాస్కాయిన్ అను యువకుడు 1640 ప్రాంతమున తన పరికరములో చూచుచుండగా, లోపల సాలెపురుగు అల్లిన పోగు స్పష్టముగా కనిపించినది. దానినుండి అతడు అడ్డుగీతలు గల దూరదర్శినిని, సూక్ష్మ కోణములను కొలుచు సాధనమును తయారు చేసినాడు. పాపము, 1644లో మార్స్టన్ మూర్ యుద్ధములో రాజు పక్షమున పోరాడి మరణించినాడు. అతని యోచన మొదట ఖగోళ శాస్త్రజ్ఞులకును, పిదప భూమి కొలుచువారికిని ఉపయోగపడినది. తుపాకివారికి చేరుటకు రెండు వందల ఏండ్లు పట్టినది!

భూమి కొలుచువారి మాట వచ్చినది గనుక మన జిల్లా సంగతి చెప్పవలెను. మహబూబ్‌నగర్ పట్టణము దాదాపు 78 డిగ్రీల తూర్పు రేఖాంశముపై ఉన్నది. కన్యాకుమారి నుండి హిమాలయముల వరకు ఆ రేఖ వెంటనే 19వ శతాబ్దములో మహా త్రికోణమితి సర్వే సాగినది. 1802లో మద్రాసు వద్ద దీనిని ఆరంభించిన విలియం ల్యాంబ్టన్ వాడిన పెద్ద థియోడొలైటు బరువు దాదాపు అర టన్ను. ఇంగ్లండు నుండి వచ్చుచున్న ఆ యంత్రమును ఫ్రెంచివారు సముద్రముపై పట్టుకొని మారిషస్‌కు తీసికొనిపోయినారు. అది శాస్త్ర పరికరమని తెలిసికొని అక్కడి గవర్నరు మర్యాదగా మద్రాసుకు పంపివేసినాడు. శత్రువు చేతినుండి వచ్చిన ఇట్టి దుర్బీను కానుక చరిత్రలో అరుదు. 1818లో హైదరాబాదు వచ్చి ల్యాంబ్టన్‌కు సహాయకుడుగా చేరిన జార్జి ఎవరెస్టు, కృష్ణా గోదావరుల నడుమ అడవులలో జ్వరము పాలైనాడు. కొండ శిఖరముపైని గుర్తును అడ్డుగీతల కూడలిపైకి తెచ్చి కోణము చదువుటయే వారి పని. తుపాకిగాడు చేయునదియు అదే. కోణము చదువుటకు బదులు గుర్రము నొక్కును.

తుపాకిపై దుర్బీను ఎక్కినది అమెరికాలో. అక్కడ మోర్గన్ జేమ్స్ నిర్మించిన పొడవాటి గొట్టమును గురించి 1844లో చాప్‌మన్ తన గ్రంథములో వివరించినాడు. 1855 నుండి విలియం మాల్కం రంగుల అంచులు రాని కటకములను వాడినాడు. ఇంగ్లీషు బొంబాయి సైన్యములో పనిచేసిన డేవిడ్‌సన్ రూపొందించిన దుర్బీనులు 1861-65 అమెరికా అంతర్యుద్ధములో విట్‌వర్త్ రైఫిళ్ళపై కనిపించినవి.

ఇక మన రాజ్యమున. పాలమూరుకు 1890లో తన పేరు వచ్చిన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాను గొప్ప పులివేటగాడు. మంచెమీదినుండియో ఏనుగుపైనుండియో దగ్గరగా కొట్టు వేటలో పెద్దది చేసి చూపు గాజు సహాయము కంటె అడ్డమే ఎక్కువ. అయితే అతని కాలముననే హైదరాబాదుకు ఒక పెద్ద దుర్బీను వచ్చినది. 1901లో నవాబు జఫర్ జంగ్ 15 అంగుళముల కటకము గల దూరదర్శినిని కొని తెప్పించి, నిజాం అనుమతితో నిజామియా వేధశాలకు నాంది పలికినాడు. దానిని నిర్మించినది డబ్లిన్ నగరపు హోవర్డ్ గ్రబ్ కర్మశాల. విచిత్రమేమనగా, సరిగ్గా ఆ రోజులలోనే, 1900లో, గ్రబ్ తుపాకికి ఒక కొత్త గురిసాధనమును కనిపెట్టి హక్కు పొందినాడు. ఏటవాలు గాజుపలక గుండా లక్ష్యమును చూచుచుండగా, వెలిగే గుర్తు ఆ గాజులో ప్రతిఫలించి అనంత దూరములో ఉన్నట్లు కనిపించును. కన్ను కొంచెము కదలినను గురి చెడదు. ఈనాటి ఎర్రచుక్క గురిసాధనములన్నియు దాని సంతానమే. నక్షత్రములకును తూటాలకును ఒకే ఇంట దారి చూపినారు!

జఫర్ జంగ్ 1907లో మరణించగా ఆ దూరదర్శిని ప్రభుత్వమునకు చెందినది. కాని అది బేగంపేటలో సరిగా నెలకొని పనిచేయుటకు 1922 వరకు ఆగవలసి వచ్చినది. వస్తువు ఎంత ఘనమైనదైనను, నిలిపే చోటును, వాడే మనిషియు కుదరవలెను గదా! ఆ వేధశాల ఉద్యోగి కుమారుడుగా అక్కడ పెరిగిన వేణు బాపు తరువాత ప్రసిద్ధ ఖగోళ శాస్త్రజ్ఞుడైనాడు.

ఇప్పుడు అంగడి అంకెలకు వత్తము. 4×32 అనగా నాలుగింతలు పెద్దదిగా చూపును, ముందు కటకము వ్యాసము 32 మిల్లీమీటర్లు. వ్యాసమును వృద్ధిచే భాగించిన 8 మిల్లీమీటర్లు కంటికి అందు వెలుగు బిళ్ళ వ్యాసము. మన కంటిపాప చీకటిలో సైతము ఏడు మిల్లీమీటర్లకు మించి విప్పారదు. అదే 32 కటకమునకు తొమ్మిదింతల వృద్ధి తగిలించినచో వెలుగు బిళ్ళ మూడున్నరకు పడిపోవును. చూపు పరిధి కుంచించుకొనును. చేతి వణుకు కూడ తొమ్మిదింతలగును. రెండవది, కంటికిని కటకమునకును గల ఎడము. పెద్ద తుపాకి తన్నునపుడు అది కనీసము మూడు అంగుళములు లేనిచో కనుబొమ చిట్లును. స్ప్రింగు గాలితుపాకి ముందుకును వెనుకకును తన్నును గనుక మామూలు దుర్బీను దానిపై త్వరలోనే చెడును. దానికై చేసినదే కొనవలెను. సాధారణముగా 100 గజములకు కుదిర్చిన గాజు 10 మీటర్ల వద్ద పనికిరాదు. తల కొంచెము జరిపినను అడ్డుగీతలు లక్ష్యముపై జరుగును.

అన్నిటికంటె ముఖ్యము: పిల్లవాడు పోటీకి పోవువాడా అని అడుగవలెను. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్య పతకము గెలిచిన 10 మీటర్ల గాలి రైఫిలు పోటీలో దుర్బీను నిషిద్ధము. చిన్న రంధ్రముగుండా చూచు గురినే వాడవలెను. అట్టి పిల్లవానికి ఎంత వెలగల దుర్బీను ఇచ్చినను పెట్టెలోనే ఉండును. వేటకై అందురా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ మాట తీరిపోయినది.

ఏదో ఒక గాజు ఇవ్వవలెననే కోరిక గట్టిదైనచో, నా మట్టుకు నేను రెండు కండ్ల 8×40 దుర్బీనునే చెప్పుదును. వెలుగు బిళ్ళ అయిదు మిల్లీమీటర్లు, సంజవేళకు చాలును. పూర్వము మన జిల్లాలో ఉండి 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాకు చేరిన అమ్రాబాద్ నల్లమలలో పక్షులను, అదృష్టముంటే పులిని, దానితో చూడవచ్చును. చీకటి పడిన పిదప మోచేతులు ఒక బండకు ఆనించి పట్టుకొన్నచో, గెలీలియో 1610లో చూచిన గురుగ్రహపు నాలుగు చంద్రులును అందులో కనిపించును.