అభిరుచి ఎవరిది?

ఊరూరా పద్యనాటకాల్లో మోగిన హార్మోనియంను 1940లో రేడియో వెలివేసింది. 1952లో కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాన్ని ఉద్ధరించే పేరుతో ఆకాశవాణిలో సినిమా పాటలను దాదాపు లేకుండా చేశారు. సామాన్య శ్రోతలు వాదించలేదు; రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పారు. 1957లో వివిధభారతిని ప్రారంభించి ప్రభుత్వం దిగివచ్చింది.

అయితే ఓడింది నిషేధమే. పాటను ఎన్నుకునే అధికారం కాదు. అది అధికారుల చేతిలోనే నిలిచింది, ప్రైవేటు ఎఫ్.ఎం.లు వచ్చాక ప్రకటనదారులకూ దక్కింది. రేడియో తరంగాలు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది గదా! 2008లో నాటి మెదక్ జిల్లా మాచునూరులో దళిత స్త్రీలు సంఘం రేడియో నడిపి ఆ మాటకు అర్థం చెప్పారు.

తల్లాడ పొలాల నుంచి భద్రాచలం కోయగూడేల దాకా పాటలకు కొదవలేదు. వాటిని ఎన్నుకునే హక్కు పాడేవారికి దక్కనంతకాలం, ‘అభిరుచి’ అంటే పాలకుల అభిరుచే.