త్రికూటాద్రి నుంచి రాతోంగ్ దాకా

రజతోత్సవ సంచికకు మా పర్వతారోహణ సంఘం చరిత్ర రాయమని కమిటీవారు అడిగారు. చరిత్ర అనగానే నాకు మా డ్రిల్లు మాస్టారే గుర్తొస్తారు. ఆయనే లేకపోతే నరసరావుపేటలో కొండెక్కడమంటే ఇప్పటికీ శివరాత్రికి కోటప్పకొండ మెట్లెక్కడమే అయ్యుండేది.

మాస్టారు ఆ త్రికూటాద్రినే బడి చేశారు. ఆదివారం తెల్లవారుజామునే మమ్మల్ని బయల్దేరదీసి, మెట్లదారి వదిలి, పాత కోటప్ప గుడి ఉన్న రుద్రశిఖరం వైపు బండల మీదుగా నడిపించేవారు. ప్రభలను మోకులతో లాగి నిలబెట్టే ఊళ్ల పిల్లలం కాబట్టి తాడూ ముడీ మాకు కొత్తవి కావు. అయినా ఆయన మా ముళ్లన్నీ విప్పించి, ఎనిమిది అంకె ముడి మళ్లీ మొదటినుంచి నేర్పారు. “ఆ ముడి ప్రభను ఆపుద్దిరా, నిన్ను ఆపదు” అనేవారు. శిఖరం చేరగానే కేకలు వేస్తే ఒప్పుకునేవారు కాదు. దిగి వచ్చాకే శభాష్ అనేవారు.

అసలైన బండ పాఠాలకు భువనగిరి వెళ్లాల్సి వచ్చేది. పిడుగురాళ్ల, దాచేపల్లి దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, మిర్యాలగూడ, నల్లగొండల మీదుగా బస్సు ప్రయాణం. చాళుక్య త్రిభువనమల్లుడి కోట ఉన్న ఆ ఏకశిల మీదే మేం బిలే నేర్చుకున్నాం. ఒకరు ఎక్కుతుంటే కింద ఇంకొకరు తాడు బిగువు చూసుకుంటూ, జారితే ఆపడమే బిలే. పైవాడి ప్రాణం కిందవాడి చేతిలో ఉంటుంది. బళ్లో ఎప్పుడూ మాట్లాడుకోని పిల్లలు ఆ తాడు పట్టుకున్నాక స్నేహితులవడం నేను చూశాను.

ఆ తర్వాత డార్జిలింగ్. 1954 నవంబరు 4న మొదలైన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో క్షేత్ర శిక్షణకు తొలి డైరెక్టర్ టెన్జింగ్ నార్గే. అక్కడి బేసిక్ కోర్సు 28 రోజులు. పశ్చిమ సిక్కింలో సుమారు 14,600 అడుగుల ఎత్తున ఉన్న చౌరిఖాంగ్‌లో మకాం, రాతోంగ్ హిమానీనదం మీద పాఠం. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో 60 శాతానికి దగ్గరగానే ఉంటుంది. రెంటచింతల ఎండలు ఎరిగిన ఒళ్లు అక్కడ రెండడుగులకే ఆయాసపడుతుంది. పగలు పైకెక్కి, రాత్రి కిందికొచ్చి పడుకుంటూ ఒంటిని అలవాటు చేసుకోవాలి. బూట్లకు క్రాంపాన్లు బిగించి నడవడం, జారితే బోర్లా తిరిగి ఐస్ యాక్స్ మంచులో గుచ్చి ఆగడం పదేపదే చేయిస్తారు. కోర్సులో ‘ఎ’ గ్రేడు వస్తేనే అడ్వాన్స్ కోర్సుకు అర్హత.

మధ్యలో చాలా ఏళ్లు వేసవికో బ్యాచ్ వెళ్లింది, వచ్చింది.

2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ గురుకుల విద్యార్థులు, పేదింటి బిడ్డలు. పూర్ణకు అప్పటికి పధ్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్ల తొలి పాఠాలూ భువనగిరి బండ మీదే. ఆ వారం మా సంఘం గది ముందు ఆడపిల్లల తల్లులు వరసకట్టారు.

ఏడాది తిరక్కుండానే పిడుగు పడింది. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కిన మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు, 2015 మార్చి 24 తర్వాత ఆండీస్‌లో కనిపించకుండా పోయారు. ఏప్రిల్‌లో ఆయన మరణవార్త తెలిసింది. ఆ నెల 25న నేపాల్ భూకంపం, ఎవరెస్ట్ బేస్ క్యాంపు మీద హిమపాతం. వేసవి బ్యాచ్‌లో పేరిచ్చిన పిల్లలను తల్లిదండ్రులు ఒక్కొక్కరే వెనక్కి తీసుకెళ్లారు. కట్టిన అడ్వాన్సులు తిరిగిచ్చేసరికి పెట్టె ఖాళీ. గది అద్దె బాకీ పడింది.

మాస్టారు ఎవరితోనూ వాదించలేదు. ఒక ఆదివారం తండ్రులందరినీ కొండకు రమ్మన్నారు. రిటైరైన మనిషి, హార్నెస్ కట్టుకుని, తాడు వాళ్ల చేతికే ఇచ్చి, బండ అంచు నుంచి వెనక్కి వాలారు. వెనక మా సీనియర్లు రెండో తాడు పట్టుకునే ఉన్నారు. “వదలకండయ్యా” అంటూ కిందిదాకా దిగారు. ఆ వేసవి వెళ్లినవాళ్లు కొద్దిమందే. కానీ సంఘం మూతపడలేదు.

దాతల పేర్లు వేరే పేజీలో ఉన్నాయి. అయినా గోడౌనులో గది ఇచ్చిన రైసుమిల్లు యజమానిని, గుడారం గుడ్డతో వీపుసంచులు కుట్టిన టైలరుగారిని, ఫీజు అడక్కుండా ఆరోగ్య పత్రాలు రాసిన డాక్టరుగారిని, రైలు దారికి పులిహోర కట్టిచ్చిన మెస్సు అమ్మగారిని, పాత స్వెట్టర్లు పోగుచేసిన టీచర్లను, తాళంచెవి పట్టుకుని ప్రతి ఆదివారం అందరికంటే ముందొచ్చిన మా అటెండరు బాబాయిని నేనిక్కడ తలుచుకోకుండా ఉండలేను.

ఇప్పుడు డబ్బు కడితే గైడు వెంటబెట్టుకుని కేదార్‌కంఠ తీసుకెళ్లి తీసుకొస్తున్నారు. మంచిదే, మంచు చూసిన కళ్లు వేరు. కానీ గైడు వేసిన అడుగులో అడుగు వేయడం వేరు, ఆ అడుగు ఎక్కడ వేయాలో తెలియడం వేరు. మా సంఘం పుట్టింది ఆ రెండోదాని కోసం.

ఒక్క మాట చెప్పక తప్పదు. కొండ దిగువన పిల్లలు సాధన చేసుకునే గోడకు కాస్త జాగా ఇప్పించమని మొదటి ఏడాదే అర్జీ పెట్టాం. శంకుస్థాపన మాటలు వేదికల మీద చాలాసార్లు విన్నాం. చప్పట్లు కొట్టాం, దండలు వేశాం. ఆ గోడ చూడకుండానే మాస్టారు వెళ్లిపోయారు. పల్నాడు నిండా బండలే ఉన్నాయి, మన పిల్లలు మాత్రం ఇప్పటికీ అసలైన బండ పాఠాలకు పక్క రాష్ట్రం వెళ్తున్నారు. ఆ అర్జీని ఈ సంచిక ప్రతితో కలిపి వచ్చే సోమవారం మళ్లీ ఇస్తున్నాం. పాత సభ్యులంతా సంతకాలకు రావాలి.