రిక్థము - ఋణము - తోఁబుట్టువులు



మా తండ్రిగారు తమ వీలునామాలో నిర్వాహకులుగా నన్నును నా చెల్లెలిని గూడ నియమించి కాలధర్మము నొందిరి. నాకు ధర్మశాస్త్రములతో కొంత పరిచయము కలదు గనుక పనియంతయు నేనొక్కఁడనే నెఱవేర్పఁగలనని తలంచితిని. ఆ తలంపులోని పొరపాటునే నేఁడు మనవి చేయుచున్నాను.

వీలునామా మన స్మృతులు చెప్పిన పద్ధతి కాదు. తలిదండ్రుల యనంతరము కొడుకులు రిక్థమును, అనఁగా వారు విడిచిన సొత్తును, ఋణమును గూడ సమముగా పంచుకొనవలెనని యాజ్ఞవల్క్యుఁడు విధించెను. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుఁడు చాళుక్య ఆఱవ విక్రమాదిత్యుని కాలమున కల్యాణపురమున మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. 13వ శతాబ్దిలో కేతన దానిని తెనుఁగు చేసెను. హిందువుల వీలునామాలకు 1870లో ఒక చట్టము వచ్చినది. అది వంగదేశమునకును, మద్రాసు, బొంబాయి నగరములకును వర్తించెను. 1925 నాటి భారత వారసత్వ చట్టము దానిని తనలో చేర్చుకొన్నది.

నిర్వాహకులు పలువురున్నచో, వేఱు నిబంధన లేనియెడల, వీలునామాను న్యాయస్థానమున రుజువు పఱచినవారిలో ఏ యొక్కరైనను అందఱి యధికారమును చెలాయింపవచ్చునని ఈ చట్టము చెప్పుచున్నది. ప్రొబేటు మా యిరువురి పేరను వచ్చినది. నేనీ నిబంధనను పట్టుకొని, చెల్లెలికి తెలుపకయే, ఇంటిలోని ధాన్యము విక్రయించి తండ్రిగారి బాకీ యొకటి తీర్చివైచితిని. బాకీ నిజమైనదే; రసీదును కలదు. చెల్లెలు వచ్చి పద్దు చూచినది.

"అన్నయ్యా, అప్పు తీర్చుట తప్పని నేననను. నాన్నగారి ఋణములో నాకు మాత్రము పాలు లేదా?" అనెను.

నాకు బదులు తోఁపలేదు. స్మృతి కొడుకులకు చెప్పిన మాటను కూఁతురు తనకు చెప్పినదిగా గ్రహించినది. వీలునామా లేని తండ్రి స్వార్జితమున కుమార్తెకు కుమారునితో సమభాగము నొసఁగుటకు 1956లో హిందూ వారసత్వ చట్టము కావలసి వచ్చెను. ఋణములో పాలు కోరుటకు ఆమెకు ఏ చట్టమును అక్కఱలేకపోయెను.

ఒకరు దాఁచిన సొత్తు విభాగానంతరము బయలుపడినచో దానిని సమముగా పంచుకొనవలెననియు యాజ్ఞవల్క్యుఁడు చెప్పెను. నేను ధనము దాఁచలేదు, సంగతి దాఁచితిని.

అది మొదలు ప్రతి పద్దు క్రిందను ఇరువురము వ్రాలు చేసితిమి. ప్రొబేటు వచ్చిన పిదప ఆస్తి పట్టికకు 6 నెలలు, లెక్కలకు 1 సంవత్సరము చట్టమిచ్చిన గడువు. మేమా గడువు లోపలనే ముగించితిమి. పద్దుపుస్తకము నాయొద్దను, దాని నకలు చెల్లెలియొద్దను ఉన్నవి. మీలో నెవరికైన నిట్టి భారము కలిగినచో, మొదటి పద్దు వ్రాయుటకు ముందే తోఁబుట్టువును పిలిచి ప్రక్కన కూర్చుండఁబెట్టుకొనుఁడని నా మనవి.